రక్తనాళాల రహస్యమెరిగిన రుడాల్ఫ్ విర్కో

జీవశాస్త్రం చదివే మన విద్యార్థులకు రుడాల్ఫ్ విర్కో పేరు ఒక్క వాక్యం మేరకే పరిచయం. కణం నుండియే కణం జనిస్తుందని చెప్పిన జర్మన్ శాస్త్రవేత్త అని పరీక్షలో వ్రాసి, రెండు మార్కులు సంపాదించుకొని, ఆ మహనీయుని అక్కడనే విడిచిపెట్టడం మనకు అలవాటు. కాని గుండెలో కృత్రిమ కవాటం అమర్చబడి, ప్రతిరోజూ తప్పక ఒక చిన్న మాత్ర మ్రింగుతూ, నెలకో రెండు నెలలకో రక్తపరీక్షకు వెళ్ళివచ్చే రోగులు నేడు మన పట్టణాలలోను, పల్లెలలోను అరుదు కారు. వారు ఆ మాత్ర ఎందుకు మ్రింగవలెనో, మానివేసినచో ఏమి ముప్పు వాటిల్లునో తెలుసుకొనడానికి తొలి మార్గం వేసినవాడు విర్కోయే. చిత్రమేమంటే ఆయన కృత్రిమ కవాటాన్ని కంటితో చూచి ఎరుగడు. ఆయన కన్నుమూసిన యాభై ఏండ్లకు గాని అటువంటి వస్తువు మానవ దేహంలో ప్రవేశించలేదు.

రుడాల్ఫ్ విర్కో 1821వ సంవత్సరం అక్టోబరు 13వ తేదీన ప్రష్యా రాజ్యంలోని పోమెరేనియా రాష్ట్రంలో, షీవెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ ఊరు నేడు పోలెండు దేశంలో ఉన్నది. తండ్రి కొద్దిపాటి సేద్యం చేసుకొంటూ, పురపాలక సంఘంలో కోశాధికారిగా పనిచేసేవాడు. తల్లిదండ్రులకు ఆయన ఏకైక సంతానం. బాల్యంలో మతబోధకుడు కావలెనని తలచినా, గొంతు బలహీనమై ఉపన్యాసానికి పనికిరాదని ఆ సంకల్పం విడిచినాడని చెబుతారు. తరువాతి కాలంలో శాసనసభలో గంటల తరబడి మంత్రులను నిలదీసిన గొంతు అదే కావడం వింతయే.

1839లో ఆయనకు బెర్లిన్ నగరంలోని సైనిక వైద్య విద్యాలయంలో ప్రవేశం లభించింది. బీద కుటుంబాల నుండి వచ్చిన తెలివైన బాలురకు అక్కడ ఉచితంగా వైద్యం నేర్పి, ప్రతిఫలంగా కొన్ని సంవత్సరాలు సైన్యంలో వైద్యసేవ చేయించుకొనేవారు. ఉపకార వేతనాల మీద చదువు సాగించే మన విద్యార్థి మిత్రులు ఈ విషయం గమనింతురు గాక. సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యోహానెస్ మ్యూలర్ ఆయనకు గురువు. 1843లో పట్టభద్రుడై, మరుసటి సంవత్సరమే షారిటే అనే సుప్రసిద్ధ వైద్యశాలలో శవపరీక్షాధికారి రాబర్ట్ ఫ్రోరీప్‌కు సహాయకునిగా చేరాడు. 1845లో తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే ఒక వ్యాధిని వర్ణించాడు. దానికి ల్యుకేమియా అని నామకరణం చేసినవాడు కూడా ఆయనే.

ఆ రోజులలో ఐరోపా వైద్యులలో ఒక సిద్ధాంతం రాజ్యమేలుతూ ఉండేది. పారిస్ నగరానికి చెందిన క్రూవెయిల్యే అనే పండితుడు సిరల వాపే సమస్త రోగాలకు మూలమని వాదించేవాడు. సిరలో రక్తం గడ్డకట్టడానికి ఆ వాపే కారణమని అందరూ నమ్మేవారు. శవపరీక్షలో ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ కనిపించినా, అది అక్కడనే వాపు వలన పుట్టిందని తీర్మానించి ఊరుకొనేవారు. ఫ్రోరీప్ తన సహాయకునికి ఈ ప్రశ్ననే అప్పగించాడు. గురువు కోరినది కొంచెం పరిశీలన; శిష్యుడు చేసినది ఆ సిద్ధాంతానికి కూకటివ్రేళ్ళు పెకలించడం.

విర్కో పద్ధతి సరళమైనది, ఓర్పుతో కూడినది. ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ కనబడిన ప్రతి శవంలోను ఆయన కాళ్ళ సిరలను, కటిభాగపు సిరలను కూడ విప్పి చూచాడు. చాలా శవాలలో అక్కడ మరొక గడ్డ కనిపించింది. దాని కొన తెగిపోయి ఉండేది. పై ముక్క, క్రింది ముక్క ఒకదానికొకటి అతుకునట్లుండేవి. సిరలో పుట్టిన గడ్డ పెరిగి పెరిగి, దాని మెత్తని కొన పెద్ద సిరలోని ప్రవాహంలోనికి సాగి, ఆ ప్రవాహపు తాకిడికి తెగి, గుండె కుడిభాగం గుండా కొట్టుకొనిపోయి ఊపిరితిత్తిలో ఇరుక్కొంటుందని ఆయన ఊహించాడు. గుండె కుడివైపు నుండి రక్తం ఊపిరితిత్తుల గుండా సాగి ఎడమవైపుకు చేరుతుందన్న సత్యాన్ని పదమూడవ శతాబ్దంలోనే డమాస్కస్, కైరో నగరాల వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ వ్రాసిపెట్టాడు; 1628లో ఇంగ్లండులో విలియం హార్వే రక్తప్రసరణ నంతటినీ నిరూపించాడు. ఆ దారి వెంట గడ్డ కూడ పయనించగలదని చూపడమే విర్కో చేసిన పని.

ఊహను ఊహగా వదలివేయడం ఆయన స్వభావం కాదు. కుక్కల మెడసిరలోనికి రబ్బరు ముక్కలను, గడ్డకట్టిన రక్తపు ముక్కలను ప్రవేశపెట్టాడు. కొంతకాలం తరువాత ఆ జంతువులను కోసి చూడగా, ఆ ముక్కలు ఊపిరితిత్తుల ధమనుల శాఖలలో చిక్కుకొని కనిపించాయి. రబ్బరుకు వాపు ఎక్కడిది? అది ఊపిరితిత్తిలో పుట్టినదని ఎవరనగలరు? 1846లో ఈ ఫలితాలను ప్రకటించేనాటికి ఆయన వయస్సు ఇరువది అయిదు. ఆ వెంటనే గుండె ఎడమభాగం నుండి బయలుదేరిన గడ్డలు మెదడు, ప్లీహం, మూత్రపిండాలు, కాళ్ళు మొదలైన వాని ధమనులను మూసివేస్తాయని కూడ చూపాడు. నిన్నటి వరకు ఆరోగ్యంగా తిరిగిన మనిషికి ఒక్కసారిగా ఒక ప్రక్క కాలు చేయి పడిపోవడానికి మెదడు ధమనిలో ఇరుక్కొన్న గడ్డ ఒక కారణమని దీనివలన తేలింది. ఉన్నచోటనే గడ్డకట్టడానికి థ్రాంబోసిస్ అని, ఆ గడ్డ ముక్క ఎగిరి మరొకచోట అడ్డుపడడానికి ఎంబాలిజం అని నేడు వైద్యులు వాడే మాటలు ఆయన స్థిరపరచినవే.

ఇంతలో 1848వ సంవత్సరం వచ్చింది. ప్రష్యా రాజ్యపు ఆగ్నేయపు కొసన ఉన్న ఎగువ సైలీషియాలో పంటలు పోయి, కరవు వచ్చి, దాని వెనువెంట టైఫస్ జ్వరం ప్రబలి, ప్రజలు వేలకు వేలు మరణిస్తున్నారన్న వార్తలు పత్రికలలో వెలువడ్డాయి. ప్రభుత్వానికి నిందరాకుండా ఉండేటందుకు ఎవరినో ఒకరిని పంపవలసి వచ్చింది. అలా ఫిబ్రవరి నెలలో యువ విర్కో అక్కడికి వెళ్ళాడు. ఉన్నది సుమారు మూడు వారాలే. చూచినదాన్ని మాత్రం జన్మలో మరువలేదు.

ఆ ప్రాంతపు ప్రజలు పోలిష్ భాష మాట్లాడేవారు. అధికారులు, న్యాయస్థానాలు, పై చదువులు అన్నీ జర్మన్ భాషలో. తమను పాలించేవారి మాట ప్రజలకు తెలియదు, ప్రజల మొర పాలకులకు తెలియదు. తేమతో నానిన గుడిసెలలో మనుషులూ పశువులూ ఒక్కచోటనే పడుకొనేవారు. బంగాళాదుంప తప్ప వేరు తిండి లేదు. అదీ తెగులుతో కుళ్ళిపోయింది. భూస్వాములు ఆదాయం తీసికొని దూర నగరాలలో కాపురం. విర్కో వ్రాసిన నివేదికలో మందుల పట్టిక ఆశించినవారికి ఆశాభంగమే కలిగింది. ఈ రోగానికి మందు ప్రజాస్వామ్యమని, విద్య అని, స్వేచ్ఛ అని, కడుపునిండ తిండి అని ఆయన తేల్చాడు. పన్నుల భారం బీదలపై నుండి ధనికులపైకి మార్చవలెనన్నాడు, రోడ్లు వేయాలన్నాడు, మత సంస్థలను ప్రభుత్వం నుండి వేరుచేయవలెనన్నాడు, అన్నిటికి మించి పోలిష్ భాషకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వవలెనన్నాడు. ఒక వైద్యుడు జ్వరానికి చికిత్సగా మాతృభాషను సిఫారసు చేయడం, రెండు భాషల నీడన చదువుకొనే మన కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా మనసుకు హత్తుకొనవలసిన సంగతి.

బెర్లిన్ తిరిగివచ్చిన కొద్ది దినాలకే, మార్చి 18వ తేదీన, ఆ నగరంలో విప్లవం చెలరేగింది. విర్కో వీధిలో అడ్డుగోడ నిర్మించిన వారితో చేయి కలిపాడు. వైద్య సంస్కరణల కోసం ఒక వారపత్రిక నడిపాడు. విప్లవం అణగిపోయిన పిదప ప్రభుత్వం కక్ష సాధించింది. 1849లో షారిటే ఉద్యోగానికి ఎసరు పెట్టింది. బవేరియా రాజ్యంలోని వ్యూర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యునిగా ఆహ్వానించింది. రాజకీయాలకు ఎడంగా గడిపిన ఆ ఏడేండ్లు శాస్త్రానికి పంట పండించాయి. 1850లో రోజ్ మేయర్‌ను వివాహమాడాడు. వారికి ఆరుగురు సంతానం. కణం నుండియే కణం అన్న సూత్రాన్ని 1855లో ప్రకటించినది ఇక్కడి నుండియే. ఈ విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. కణ విభజనను విర్కో కంటె ముందుగా స్పష్టంగా చూపినవాడు రాబర్ట్ రెమాక్. యూదుడైనందున ఆయనకు బెర్లిన్ విశ్వవిద్యాలయంలో పూర్తి ఆచార్య పదవి దక్కలేదు. విర్కో తన రచనలో ఆయనకు చెల్లించవలసిన గౌరవం చెల్లించలేదు. పీడితుల పక్షాన అంత గట్టిగా నిలిచిన మనిషికి ఇది తగని పని అని నా అభిప్రాయం.

1856లో ఆయన తన పరిశోధనలను ఒక పెద్ద సంపుటంగా వెలువరించాడు. గడ్డల గురించిన వ్యాసాలు అందులో ప్రధాన భాగం. ప్రాణమున్న దేహంలో ద్రవంగా పరుగెత్తే రక్తం ఎందుకు గడ్డకడుతుంది అన్న ప్రశ్నకు నేటి వైద్య విద్యార్థులు మూడు కారణాలు చెబుతారు: రక్తనాళపు గోడ చెడిపోవడం, ప్రవాహం మందగించడం లేదా సుడులు తిరగడం, రక్తపు గుణమే మారిపోవడం. దీనికి విర్కో త్రయం అని పేరు. నిజానికి ఆయన ఈ మూడింటినీ ఇలా ఒకచోట వరుసపెట్టి చెప్పలేదు. ఆయన గ్రంథంలో చెదరివున్న భావాలను కూర్చి ఆ పేరు పెట్టినది ఇరువదవ శతాబ్దపు వైద్యులు. ఐనా ఆ పేరు అన్యాయమైనదేమీ కాదు.

ఇప్పుడు కృత్రిమ కవాటం వద్దకు వద్దాము. గుండెలో నాలుగు కవాటాలున్నాయి. అవి రక్తాన్ని ముందుకే పోనిచ్చి వెనుకకు రానీయని తలుపుల వంటివి. మన దేశంలో వీటిని పాడుచేసే కారణాలలో ముఖ్యమైనది కీళ్ళవాతపు జ్వరం. బాల్యంలో వచ్చిన గొంతునొప్పిని నిర్లక్ష్యం చేయడంతో ఆ క్రిమిపై దేహం చేసే యుద్ధం తన గుండెకే తగిలి, కవాటాలు మందమెక్కి, అతుక్కొనిపోతాయి. ఇరుకు ఇండ్లు, బీదతనం, వైద్యం అందని ఊళ్ళు ఈ జ్వరానికి పుట్టినిండ్లు. ధనిక దేశాలలో ఇండ్లు బాగుపడి, పెన్సిలిన్ అందుబాటులోనికి వచ్చిన తరువాత ఇది దాదాపు మాయమైంది. ఎగువ సైలీషియా నివేదికను మళ్ళీ చదవడానికి ఇంతకంటె కారణం వేరే అక్కరలేదు.

పాడైన కవాటం స్థానంలో కొత్తది పెట్టడం చాలాకాలం కలగానే ఉండిపోయింది. 1952లో అమెరికా వైద్యుడు చార్లెస్ హఫ్‌నగెల్ ఒక గొట్టంలో బంతి అమర్చి, దానిని గుండెకు దిగువన బృహద్ధమనిలో ప్రవేశపెట్టాడు. 1960లో ఆరెగాన్ రాష్ట్రంలో ఆల్బర్ట్ స్టార్ అనే శస్త్రవైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి, లోహపు పంజరంలో కదిలే బంతితో చేసిన కవాటాన్ని గుండెలోనే చెడిన ద్విపత్ర కవాటానికి బదులుగా అమర్చగలిగారు. అంతకుముందు కుక్కలలో పెట్టిన వారి తొలి నమూనాలు గడ్డకట్టి మూసుకొనిపోయాయి. నూటపదునాలుగేండ్ల క్రితం బెర్లిన్ కుక్కలు చెప్పిన పాఠాన్నే ఆరెగాన్ కుక్కలు మళ్ళీ చెప్పాయన్నమాట.

విర్కో చూపిన మూడు కారణాలూ యాంత్రిక కవాటంలో ఒక్కచోట కూడుకొని ఉంటాయి. మొదటిది గోడ. ఆరోగ్యవంతమైన రక్తనాళపు లోపొర సజీవమైన కణాల పలుచని పరుపు. అది రక్తం గడ్డకట్టకుండ ఉండేందుకు కొన్ని పదార్థాలను అనుక్షణం స్రవిస్తూనే ఉంటుంది. లోహానికి, కార్బన్‌కు ఆ శక్తి లేదు. పరాయి వస్తువు తగలగానే రక్తంలోని ఫలకికలు మేల్కొంటాయి. కవాటాన్ని కుట్టే గుడ్డ అంచుపై కొత్త పొర అల్లుకొనేవరకు, అనగా తొలి కొన్ని నెలలు, ముప్పు మరీ ఎక్కువ. రెండవది ప్రవాహం. తలుపు తెరచినపుడు సందుల నుండి రక్తం వేగంగా చిమ్ముతుంది. కీలుల వెనుక మూలలలో నిలిచిపోతుంది. ద్విపత్ర కవాటం వద్ద ఒత్తిడి తక్కువ, నడక నిదానం; కనుక అక్కడ పెట్టిన కవాటానికి బృహద్ధమని కవాటం కంటె గడ్డ భయం అధికం. ఎన్నో ఏండ్లు రోగంతో సాగిపోయిన ఎడమ కర్ణిక, దానికి తోడు గుండె లయ తప్పడం ఉంటే, మడుగులో నీరు నిలిచినట్లు రక్తం నిలుస్తుంది. మూడవది రక్తపు గుణం. జ్వరాలు, గర్భధారణ, కొన్ని మందులు, ఒంట్లో నీరు తగ్గడం దానిని గడ్డకట్టే వైపుకు త్రిప్పుతాయి. పొగాకు, అదుపు తప్పిన చక్కెర వ్యాధి, రక్తపుపోటు దేహంలోని మిగిలిన నాళాల గోడలను కూడ గాయపరుస్తాయి. గడ్డ కవాటం మీదనే పెరిగితే తలుపు బిగుసుకొని ఊపిరాడని స్థితి కలుగుతుంది. ముక్క తెగిపోతే పక్షవాతం. రాత్రి నిశ్శబ్దంలో గడియారం వలె వినవచ్చే ఆ కవాటపు టిక్కు శబ్దం హఠాత్తుగా మందగించడం కూడ వైద్యుని వద్దకు పరుగెత్తవలసిన సూచనయే.

గోడను మార్చలేము, ప్రవాహాన్ని కొంతవరకే మార్చగలము. కనుక మానవుడు మూడవదానిపై చేయి వేశాడు. ఆ మందు కథ పశువుల కొట్టంలో మొదలయింది. 1920 ప్రాంతాలలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక జాతి గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఓడి చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్, ఆయన సహచరులు ఏండ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేశారు. దాని సంతతియైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికి వచ్చి, 1954లో మనుషుల మందైంది. విటమిన్ కె సహాయంతో కాలేయం తయారుచేసే గడ్డకట్టించే పదార్థాలను అది తగ్గిస్తుంది. అందుకే తోటకూర, పాలకూర, మునగాకు ఒకవారం విపరీతంగా తిని మరొకవారం మానివేయడం ఈ రోగులకు మంచిది కాదు. మానవలసిన పనిలేదు, పరిమాణం నిలకడగా ఉంటే చాలు. మందు బలాన్ని ఐ.ఎన్.ఆర్. అనే పరీక్షతో కొలుస్తారు. మామూలు మనిషికి అది సుమారు 1. బృహద్ధమని కవాటం వారికి సాధారణంగా 2 నుండి 3 మధ్య, ద్విపత్ర కవాటం వారికి 2.5 నుండి 3.5 మధ్య ఉండేటట్లు వైద్యులు చూస్తారు. తగ్గితే గడ్డ, మించితే రక్తస్రావం. కత్తి అంచున నడక. నొప్పి మాత్రలు, నాటు మందులు స్వయంగా వేసుకొన్నా ఈ తూకం చెదరిపోతుంది. పరీక్ష అక్కరలేని కొత్త మందు ఒకటి యాంత్రిక కవాటాల వారికి పనికివస్తుందేమోనని ప్రయత్నించగా, గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై 2012లో ఆ పరీక్షను ఆపివేయవలసి వచ్చింది. గర్భిణీ స్త్రీలలో వార్ఫరిన్ శిశువుకు హాని చేయగలదు. కావున కవాటం ఉన్న యువతులు గర్భధారణకు ముందే వైద్య సలహా పొందవలెను. పశువుల కణజాలంతో చేసిన కవాటాలకు ఈ మందు బెడద తక్కువ గాని, పడుచు వయసులో అవి త్వరగా అరిగిపోతాయి.

మన దేశంలో ఈ కవాటాన్ని చౌకగా తయారుచేయాలన్న సంకల్పం తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో, డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో రూపుదిద్దుకొంది. మూడు నమూనాలు విఫలమై, నాలుగవది నెగ్గి, 1990 డిసెంబరులో తొలిసారి ఒక రోగికి అమర్చబడింది. 2024లో ఆ వైద్యవరేణ్యుడు దివంగతుడైనాడు. మన రాష్ట్రంలో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం కవాట శస్త్రచికిత్సను బీదల దరికి తెచ్చింది. అయితే శస్త్రచికిత్స ఒక్కనాటిది. మాత్ర, పరీక్ష జీవితాంతమూ. పరీక్ష చేసే చోటు ముప్పై మైళ్ళ దూరాన ఉండి, ఒకనాటి కూలి పోగొట్టుకొని పోవలసిన మనిషి రెండు మూడు నెలలు మానివేయడంలో ఆశ్చర్యమేమున్నది? రోడ్లు వేయమన్న విర్కో ఇది చూస్తే ఏమని వ్రాసేవాడో ఊహించవచ్చును.

1856లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఆయనను తిరిగి పిలిచి, ప్రత్యేకంగా ఒక వ్యాధి విజ్ఞాన సంస్థను నిర్మించి ఇచ్చింది. రెండేండ్లకు కణ వ్యాధిశాస్త్రంపై ఇచ్చిన ఇరువది ఉపన్యాసాలు గ్రంథరూపం దాల్చి ప్రపంచమంతటా వ్యాపించాయి. 1859లో నగర సభకు ఎన్నికై చనిపోయేవరకు అందులో కొనసాగాడు. బెర్లిన్ వీధుల మురుగు నదిలో కలియకుండ భూగర్భ కాలువల ద్వారా నగరం వెలుపలి పొలాలకు పంపే ఏర్పాటు, నగర వైద్యశాలలు, మాంసపు తనిఖీ మొదలైనవన్నీ ఆయన పట్టుదల ఫలితాలు. శాసనసభలో ఆయన బిస్మార్క్‌కు బద్ధ విరోధి. 1865లో కోపం పట్టలేక బిస్మార్క్ ద్వంద్వ యుద్ధానికి పిలువగా విర్కో నిరాకరించాడు. ఆయుధంగా క్రిములున్న మాంసపు ముక్కను ఎన్నుకొన్నాడన్న ముచ్చట ఒకటి ప్రచారంలో ఉన్నది గాని అది కట్టుకథగానే తోస్తుంది.

పొరపాట్లు లేని మహానుభావుడు కాడు. రోగాలకు క్రిములే కారణమన్న రాబర్ట్ కోక్ వాదాన్ని చాలాకాలం అనుమానించాడు. సామాజిక కారణాలు మరుగున పడునని ఆయన భయం. 1872లో నియాండర్తల్ మానవుని ఎముకలు చూచి, వ్యాధితో వంకరపోయిన ఇటీవలి మనిషివని తేల్చివేశాడు. 1887లో యువరాజు ఫ్రెడరిక్ గొంతు నుండి కోసిన ముక్కలో కాన్సరు లక్షణం కనిపించలేదన్నాడు. ఆ యువరాజు చక్రవర్తియై, 1888లో ఆ వ్యాధితోనే మరణించాడు. కాని మరొకవైపు, జర్మన్ జాతి శుద్ధమైనదన్న గర్వం తలెత్తుతున్న రోజులలో, 67 లక్షల మంది బడిపిల్లల కండ్లు, జుట్టు, చర్మపు రంగులను లెక్క కట్టించి, శుద్ధమైన జాతి ఎక్కడా లేదని 1886లో అంకెలతో చూపించినవాడు ఆయనే. యూదులపై ద్వేషం పురికొల్పేవారిని బాహాటంగా ఎదిరించాడు. రెమాక్ విషయం గుర్తున్నవారికి ఇది కొంత ఊరట.

ఎనుబదవ జన్మదినాన, 1901లో, దేశదేశాల శాస్త్రజ్ఞులు ఆయనను సన్మానించారు. 1902 జనవరి 4వ తేదీన బెర్లిన్ లైప్‌ట్సిగ్ వీధిలో, ఇంకా ఆగని విద్యుత్ ట్రాము నుండి తొందరపడి దిగబోయి పడిపోయాడు; తొడ ఎముక విరిగింది. ఆ మంచం నుండి పూర్తిగా కోలుకొనలేదు. సెప్టెంబరు 5వ తేదీన గుండె బలహీనపడి కన్నుమూశాడు. ఆయన తన చేతులతో కూర్చిన వ్యాధి విజ్ఞాన ప్రదర్శనశాలలో ఇరువది వేలకు పైగా నమూనాలుండేవి. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల వాత పడి వానిలో సుమారు రెండు వేలు మాత్రమే మిగిలాయి. ఆ భవనం 1998లో వైద్య చరిత్ర ప్రదర్శనశాలగా మళ్ళీ తలుపులు తెరిచింది. కప్పు కూలిన ఆయన ఉపన్యాస మందిరాన్ని మాత్రం, శిథిల చిహ్నాలు చెరపకుండా, అలాగే ఉంచారు.